పురుగుల పుట్ట, పాల చెంబు

టెక్సస్‌లోని ప్లేనోలో ఇల్లు కొన్నాక రవికాంత్ చేసిన మొదటి పని, పురుగుల మందు కొట్టేవాడితో ఏడాదికి ఒప్పందం కుదుర్చుకోవడం. అదే ఇంట్లో అతని కూతురు సంహిత చేసిన మొదటి పని, ఆ పురుగులకి పెరట్లో ఇల్లు కట్టడం. తండ్రీకూతుళ్ళిద్దరూ ఒకే కప్పు కింద ఇలా ఎదురెదురు వ్యవహారాలు నడుపుతుంటే, మధ్యనున్న ఇంద్రజకి చేతనైన రాజకీయం ఒకటే. మందు కొట్టేవాడు వచ్చిన రోజున పెరటి గేటుకి తాళం వేసి, తాళంచెవి ఎక్కడ పెట్టానో గుర్తు రావడం లేదని చెప్పడం.

సంహితకి ఆరేళ్ళు. ఇంట్లో వాగుడుకాయ. గడప దాటిందంటే మాత్రం మూగనోము. స్కూల్లో టీచరు ఇంద్రజని కూర్చోబెట్టి, "మీ అమ్మాయి వెరీ స్వీట్, వెరీ పొలైట్" అని ముందు ఒక చిరునవ్వు నవ్వింది. ఈ దేశంలో చెడ్డవార్తకి ముందు అలాంటి నవ్వొకటి వస్తుందని ఇంద్రజకి అప్పటికే తెలుసు. స్కూలు తెరిచిన దగ్గర్నుంచీ పిల్ల క్లాసులో నోరు విప్పలేదట. ఎవరితోనూ ఆడదట. రీసెస్‌లో గోడవార నిలబడి బూట్లు చూసుకుంటుందట.

ఇంటికొచ్చి అడిగితే, "వాళ్ళు ఏం మాట్లాడినా నాకు బోర్," అంది సంహిత. అదీ ఒక కారణమే.

ఇలా ఉండగా ఒక సాయంత్రం పెరటి కంచెలో ఊడిపోయిన చెక్క సందులోంచి పక్కింటి జోసీ వచ్చింది. దానికి ఏడేళ్ళు. ముందు పళ్ళు రెండూ లేవు, మాటలకి మాత్రం కొరత లేదు. చెయ్యి చాపి గుప్పిట తెరిచింది. అందులో పెసరగింజంత బూడిదరంగు ఉండ ఒకటి ఉంది. కాసేపటికి ఆ ఉండ విచ్చుకుని, బోలెడు కాళ్ళు మొలిచి, నడవడం మొదలుపెట్టింది. రోలీ పోలీ అంటారట.

సంహిత దాన్ని చూసింది, జోసీని చూసింది. "కెన్ ఐ హోల్డ్ ఇట్?" అంది.

వంటింటి కిటికీలోంచి ఆ మాట విన్న ఇంద్రజ చేతిలో అట్లకాడ ఆగిపోయింది. పెనం మీద దోసె మాడి వాసనేస్తున్నా తిప్పలేదు. కదిలితే ఆ మాట చెదిరిపోతుందేమోనని.

అది మొదలు ఇద్దరూ పెరట్లోనే. వెనకాల వాగు దగ్గర్నుంచి కుళ్ళిన దుంగ ముక్కలు ఈడ్చుకొచ్చారు. వాటి మధ్య ఎండుటాకులు, పైన్ కాయలు, బెరడు పెచ్చులు కుక్కారు. వానకి కారకుండా పైన ప్లేనో నల్లమట్టి తడిపి మెత్తారు. ఆ మట్టి వేసవిలో కాలు పట్టేంత బీటలిచ్చేదే కానీ, తడిపితే మాత్రం గోడ కట్టడానికి పనికొచ్చేంత జిగురు. గాలి ఆడటానికి పెన్సిలుతో చిల్లులు పొడిచారు. ఒక పక్కన బెరడు పెచ్చుని మూతలా వదిలేశారు. రోజూ స్కూలు నుంచి రాగానే దాని మీద రెండుసార్లు తట్టి, మెల్లగా ఎత్తి, భూతద్దం పట్టుకుని లోపలికి చూడటం. తట్టకుండా తీస్తే జోసీ ఊరుకోదు. మర్యాద కాదట.

హాలోవీన్ కోసం తెచ్చిన గుమ్మడికాయలోంచి తీసిన పీచు కాస్త లోపల వేశారు. మర్నాటికి దాని నిండా రోలీ పోలీలు. తర్వాత కీచురాళ్ళు దిగాయి. వెనక పట్టకారు ఉన్న పురుగులేవో వచ్చాయి. ఒక రోకలిబండ పురుగు కూడా కాపురం పెట్టింది.

"అమ్మా, రోలీ పోలీని తెలుగులో ఏమంటారు?" అని అడిగింది సంహిత.

ఇంద్రజ బి.ఎస్సీ. చదివింది. అయినా కాసేపు ఆలోచించాల్సొచ్చింది. "మనూళ్ళో వాటికి పేరు పెట్టేంత తీరిక ఎవరికీ ఉన్నట్టు లేదే," అంది చివరికి.

అక్టోబరు సగమయ్యేసరికి ఆ కట్టడం మోకాలెత్తుకి లేచింది. కిందంతా వెడల్పు, పైకి పోనుపోను సన్నం, ఒళ్ళంతా చిల్లులు. దూరం నుంచి చూస్తే అచ్చం పుట్ట.

చిక్కంతా అక్కడే వచ్చింది.

రాధారాణి ఆ చుట్టుపక్కల తెలుగువాళ్ళందరికీ పెద్దక్క. ఇంద్రజ ఈ దేశానికి కొత్తగా వచ్చినప్పుడు కారు నడపడం నేర్పింది ఆవిడే. పరీక్ష తప్పిన ప్రతిసారీ "పోనీలేవే, ఆ పోలీసోడి మొహం చూస్తే నాకే బ్రేకు గుర్తు రాదు" అని ఓదార్చి మళ్ళీ తీసుకెళ్ళిందీ ఆవిడే. ఆవిడ మాట కాదంటే పాపమేం తగలదు గానీ, ఫోన్లు తగులుతాయి.

ఏటా నాగులచవితి ఆవిడింట్లోనే. కిందటేడు స్టీలు పళ్ళెంలో గోధుమపిండితో పుట్ట చేశారు. నలుగురు పాలు పోసేసరికి పుట్ట కాస్తా చపాతీ పిండయింది. అయిదో ఆవిడ అలవాటు కొద్దీ దాన్ని పిసకబోయి ఆగిపోయింది. అందుకని ఈసారి దీపావళి భోజనాల దగ్గరే చర్చ మొదలైంది.

"ఈసారి పుట్ట దేంతో చేద్దామే?" అంది రాధారాణి పులిహోర కలుపుతూ. "పిల్లలు ఆడుకునే ఆ రంగుల ముద్ద అయితే పాలకి కరగదంటున్నారు."

"పుట్టలకేం కరువక్కా! మా పెరట్లో ఉందిగా, చిల్లులతో సహా," అంది ఇంద్రజ.

హాస్యానికే అంది. కానీ రాధారాణి హాస్యాన్నీ రైల్వే అనౌన్సుమెంటునీ ఒకే చెవితో వింటుంది. ఆ సాయంత్రానికే గ్రూపు మొత్తానికి ఈమెయిల్ వెళ్ళిపోయింది. "ఈ ఆదివారం చవితి ఇంద్రజ ఇంట్లో. నిజమైన పుట్ట!! ఎవరి పాలు వారే తెచ్చుకోవలెను. ఆర్గానిక్ అయితే మంచిది." దాని కింద జనం వరసగా నమస్కారాలు పెడుతూనే ఉన్నారు.

రవికాంత్ అది ఆఫీసులో చదివి ఫోన్ చేశాడు. "మనింట్లో పుట్టుందా? మరి ఆ మందు కొట్టేవాడు ఏం పీకుతున్నట్టు?"

"వాడికి గేటు తాళం దొరకడం లేదు పాపం," అంది ఇంద్రజ.

ఆయన సంగతి సరే. రాత్రి భోజనాల దగ్గర సంహిత అడిగింది. "పాలు లోపల పోస్తారా అమ్మా?"

"పోస్తారు. కొంచెమే."

"అందరూనా?"

"అందరూ కొంచెం కొంచెమే."

"అందరి కొంచెం ఎంత?"

ఇంద్రజ పప్పుగిన్నె మీద మూత పెట్టింది.

"రోలీ పోలీలకి తడి కావాలి. బట్ ఎక్కువైతే డ్రౌన్ అయిపోతారు," అంది సంహిత. పురుగుల గురించి అది ఎప్పుడూ మనుషుల లెక్కలోనే మాట్లాడుతుంది. "జోసీకి చెప్పాను. వాళ్ళు చచ్చిపోతే జోసీ ఇంక మనింటికి రాదంట. రోలీ పోలీ పిల్లల్ని డ్రౌన్ చేసే ఇల్లంట మనది."

అన్నం ముద్ద నోట్లో పెట్టుకోకుండా ప్లేటు వైపే చూస్తూ కూర్చుంది. స్కూల్లో బూట్లు చూసుకునేటప్పుడు ఇలాగే ఉంటుంది కాబోలనుకుంది ఇంద్రజ. ఆ చిల్లుల మట్టికుప్ప పోతే మళ్ళీ కట్టుకోవచ్చు. కంచె సందులోంచి వచ్చే పిల్ల రాకపోతే, ఆ సందులోంచి ఇంకెవరూ రారు.

మర్నాడు రాధారాణికి ఫోన్ చేసింది.

"అక్కా, అది అసలు పుట్ట కాదు. పిల్లలు పురుగుల కోసం కట్టుకున్న ఇల్లు."

"పుట్ట అంటే మరేమిటే? పురుగుల ఇల్లే కదా," అంది రాధారాణి. "మనూళ్ళో మాత్రం పుట్ట పాము కట్టుకుంటుందా? చెదపురుగులు కడతాయి. పాము అందులో టెనెంటు."

"ఇందులో టెనెంటు లేడక్కా."

"మనం పిలిస్తేనే కదే వచ్చేది! చిమ్మిలి నేను చేసుకొస్తున్నా. నువ్వు చలిమిడి చెయ్యి."

ఫోన్ పెట్టేశాక ఇంద్రజ వేరే దారి ఆలోచించింది. ఆదివారం పొద్దున్నే లేచి పెరట్లో ఇంకో మూల తనే ఒక దొంగ పుట్ట కడితే సరి. పిల్లల పుట్ట మీద ఏదైనా కప్పేస్తే ఎవరూ అడగరు. పాలు పోసేవాళ్ళకి పుట్ట కావాలి గానీ, ఏ పుట్టయితేనేం?

శుక్ర, శనివారాలు ఒకటే వాన. ఆదివారం తెల్లారి పార పట్టుకుని పెరట్లోకి దిగిన ఇంద్రజ అలాగే నిలబడిపోయింది. కంచె వార గడ్డిలో, నిన్న సాయంత్రం ఏమీ లేనిచోట, ఒక మట్టి దిబ్బ లేచి ఉంది. జల్లించిన రాగిపిండిలా మెత్తగా, పొడిపొడిగా, గుండ్రంగా. ఎవరూ కట్టలేదు, ఎవరూ మెత్తలేదు.

స్వయంభువు, అనుకుంది ఇంద్రజ. దేవుడితో ఆమెకున్నది మితమైన పరిచయమే అయినా, ఇంత సమయానికి చేసిన సాయాన్ని కాదనడం బాగుండదనిపించింది. ఇల్లు కొనేవరకూ మూడో అంతస్తు అపార్ట్‌మెంట్‌లో ఉన్న మనిషి ఆమె. టెక్సస్ నేల మీద వాన వెలిశాక ఏం లేస్తుందో, ఎందుకు లేస్తుందో ఎరగదు. పార లోపల పెట్టేసి, దూరం నుంచే దిబ్బ మీద ఇంత పసుపు, ఇంత కుంకుమ చల్లింది. పిల్లల పుట్టమీద రవికాంత్ గ్రిల్లుకి వేసే నల్ల కవరు కప్పింది. చేతులు కడుక్కుని చలిమిడి పట్టడానికి కూర్చుంది.

పదింటికల్లా వాకిట్లో కార్లు నిండాయి. పట్టుచీరలు, చెంబులు, చిమ్మిలి డబ్బాలు. పెరటి తలుపు దగ్గర అందరూ చెప్పులు విడిచి తడి గడ్డిలో దిగారు. చలికి ఒక్కొక్కరూ కొంగల్లా కాళ్ళెత్తి వేస్తున్నారు.

"ఏదే పుట్ట?" అంది రాధారాణి.

ఇంద్రజ కంచె వైపు చూపించింది.

"అబ్బ! నిన్న రాత్రి లేచినట్టు ఎంత కళగా ఉందే!" అంది రాధారాణి. ఆవిడ అన్నది అక్షరాలా నిజమని ఆవిడకి తెలియదు.

మెట్ల మీద సంహిత, జోసీ పక్కపక్కన కూర్చుని ఉన్నారు. వాళ్ళ పుట్ట భద్రంగా కవరు కింద ఉందని ఇంద్రజ ముందే చెప్పింది గనక ఇద్దరి మొహాలూ తేటగానే ఉన్నాయి. ఆడవాళ్ళు కంచె వైపు నడవడం చూసి జోసీ లేచి నిలబడింది. సంహిత చెవిలో ఏదో చెప్పింది. సంహిత పరుగెత్తుకొచ్చి తల్లి కుచ్చిళ్ళు పట్టుకు లాగింది.

"అమ్మా. అది ఫైర్ ఆంట్స్ ఇల్లు. జోసీ చెప్పింది. టచ్ చేస్తే అందరూ ఒక్కసారి కుడతారు. వెరీ బాడ్."

ఇంద్రజ దిబ్బ వైపు ఒకసారి చూసింది. వంగి, మెల్లగా అంది. "ఇక్కడ వద్దంటే వీళ్ళంతా అక్కడికి పోతారే." కళ్ళతో నల్ల కవరు చూపించింది.

సంహిత కవరు వైపు చూసింది. జోసీ వైపు చూసింది. "తెలుసు," అంది. "బట్ ఆంటీ వాళ్ళకి నొప్పి కదా."

అప్పటికి రాధారాణి దిబ్బ ముందు నిలబడి చెంబు ఎత్తింది. తోక తొక్కినా, నడుం తొక్కినా కోపం తెచ్చుకోవద్దని నాగేంద్రుణ్ణి వేడుకుంటోంది. చెప్పాల్సింది ఒక్క మాట. ఆరేళ్ళ పిల్ల చెప్పగలిగిన మాట. ఇంద్రజ నోరు తెరిచింది. తెరిచిన నోట్లోంచి వేరే మాట వచ్చింది.

"అక్కా, చెప్పులేసుకోండి. గడ్డి తడిగా ఉంది."

"పుట్ట దగ్గర చెప్పులా! మతి గాని పోయిందా నీకు?" అని రాధారాణి పాలు పోసేసింది.

క్షణం పాటు ఏమీ కాలేదు. తర్వాత దిబ్బ కదిలింది. పొయ్యి మీద పాలు పొంగినట్టు ఎర్రటి చీమలు ఒక్కసారిగా పైకి పొంగి, అంచులు దాటి, నలువైపులా కారాయి. రాధారాణి కళ్ళు మూసుకుని ఉంది.

"ఒళ్ళు జివ్వుమంటోందే ఇంద్రా," అంది పరవశంగా. "స్వామి మహిమ. కాళ్ళ దగ్గర్నుంచి ఎక్కుతోంది."

నిజంగానే ఎక్కుతోంది. చీమలు పైకి చేరి, అన్నీ కలిసి ముహూర్తం పెట్టుకున్నట్టు ఒకేసారి కుట్టాయి. రాధారాణి చెంబు వదిలేసి పెట్టిన కేక ప్లేనోలో సగం మంది విని ఉంటారు. మిగతావాళ్ళు చెల్లాచెదురయ్యారు. ఎవరికీ ఏం చెయ్యాలో తెలియలేదు. ఇంద్రజకీ తెలియలేదు.

తెలిసింది ఇద్దరికే. మెట్ల మీద నుంచి బూట్లతో దూకి వచ్చిన జోసీ, పెద్దక్క ఒక కాలిని రెండు చేతులతో దబదబా బాదడం మొదలుపెట్టింది. రెండో కాలు సంహిత అందుకుంది.

"ఆంటీ! జంప్! ఇటు జంప్ చెయ్యి! అక్కడ నిలబడకు! చీర దులుపు! దులుపు!"

పెరడంతా అదిరేలా అరుస్తున్నది సంహితే. అంత గొంతు దానికి ఉందని కన్నతల్లికే తెలియదు. జీవితంలో ఎవరి ఆజ్ఞా పాటించని రాధారాణి, ఆ పిల్ల చెప్పినట్టల్లా కంచిపట్టు చీరలో గెంతుకుంటూ పెరటి తలుపు ముందున్న సిమెంటు గట్టు ఎక్కింది.

చీమలు వదిలాక ఆవిణ్ణి కుర్చీలో కూర్చోబెట్టారు. పాదాల మీద చుక్కలు చుక్కలుగా దద్దుర్లు లేచాయి. ఇంద్రజ ఫ్రీజర్ వెతికితే దొరికిన ఫ్రోజెన్ మునక్కాడల ప్యాకెట్టు ఒక కాలికి, బెండకాయల ప్యాకెట్టు ఇంకో కాలికి పెట్టింది. ఆవిడ మొహం చూసే ధైర్యం లేక, పట్టిన ప్యాకెట్లని అవసరానికి మించి సర్దుతూ కూర్చుంది. "ఊపిరి బాగానే ఆడుతోందా అక్కా? ఎమర్జెన్సీకి వెళ్దామా?" అని మాటిమాటికీ అడిగింది.

"ఊపిరాడక ఏం? ఇంతసేపూ అరిచింది దేంతోననుకున్నావ్?" అంది రాధారాణి.

ఈ గొడవలో గాలికో, ఎవరి కాలు తగిలో, నల్ల కవరు జారిపోయింది. కొత్తగా పెళ్ళయి వచ్చిన ఉషా చూడనే చూసింది. ఆమె చెంబు ఇంకా నిండుగానే ఉంది.

"అక్కా, అక్కడ ఇంకో పుట్టుంది! చిల్లులు కూడా ఉన్నయి. నా పాలు అట్లనే ఉండిపోయినయి, అందులో పోసెయ్యనా?"

"దాన్లో ఏముందో ముందు కనుక్కో," అంది రాధారాణి బెండకాయల ప్యాకెట్టు సర్దుకుంటూ. "ఆ పిల్లనడుగు. ఇక్కడ ఏదన్నా తెలిసింది దానికే."

అందరూ సంహిత వైపు తిరిగారు.

"ఇందులో ఏముందమ్మా?"

"రోలీ పోలీలు. కీచురాళ్ళు. ఒక రోకలిబండ."

"కుడతయా?"

సంహిత తల్లి వైపు చూసింది. ఇంద్రజ కూతురి వైపు చూసింది. ఒక్క అబద్ధం, అనుకుంది. చిన్నది. కుడతాయని ఒక్క ముక్క అనెయ్యవే తల్లీ, ఈ జనమంతా తారాజువ్వల్లా ఇంట్లోకి పరుగెడతారు.

"కుట్టవు," అంది సంహిత. "ఏమీ చెయ్యరు. టచ్ చేస్తే బాల్ అయిపోతారు. అంతే."

"హమ్మయ్య," అని ఉషా చెంబు పట్టుకుని కదిలింది.

సంహిత వెళ్ళి పుట్టకి అడ్డంగా నిలబడింది. ఒక్క తెలుగు ముక్క రాకపోయినా చెంబు అర్థమైన జోసీ దాని పక్కన నిలబడింది. "వద్దు ఆంటీ," అంది సంహిత. ఇప్పుడు అరవలేదు. "పాలు పోస్తే మునిగి చచ్చిపోతారు. ప్లీజ్."

"ఒక్క చుక్క రా. శాస్త్రానికి."

"అందరూ ఒక్క చుక్కే అంటారు," అంది సంహిత.

ఇంద్రజ లేచింది. పొద్దున్నుంచి చెప్పని మాట ఇప్పుడైనా చెప్పాలి. అంతలో కుర్చీలోంచి రాధారాణి గొంతు వినిపించింది.

"ఉషా, ఆగు. మనం పాలెందుకు పోస్తామే?"

"ఎందుకంటే... చవితి కదక్కా."

"చవితి సరే. మమ్మల్ని కుట్టకు తండ్రీ, మా జోలికి రాకు, నీకు ఏటా ఇన్ని పాలు పోస్తామని. అంతేనా? అవి కుట్టవంటోంది కదా పిల్ల. కుట్టనివాటికి పాలెందుకు, దండగ! అవతల కుట్టేవి ఉన్నాయిగా బోలెడు. వాటికి పొయ్యండి." ఒక్క క్షణం ఆగి, "దూరం నుంచి," అంది.

శాస్త్రం ఇంత స్పష్టంగా ఎవరూ చెప్పలేదు. అందరూ ఒప్పుకున్నారు. ఇంద్రజ పులుసు గరిటెని చీపురుకర్రకి కట్టి ఇచ్చింది. గట్టు మీద వరసగా నిలబడి, చెయ్యంతా చాపి, ఒక్కొక్కరూ గరిటెడు పాలు చీమల దిబ్బ మీదికి విసిరి, దణ్ణం పెట్టుకుని వెనక్కి తగ్గారు. భక్తి ఏమీ తగ్గలేదు. కిందటేటి మీద పెరిగిందనే చెప్పాలి.

తర్వాత, చలిమిడి తింటూ తింటూ, ఒకరిద్దరు పిల్లల పుట్ట దగ్గరికి వచ్చారు. చూడనివ్వాలంటే ముందు రెండుసార్లు తట్టాలని సంహిత చెప్పింది. తట్టారు. జోసీ మూత ఎత్తింది. పట్టుచీరలన్నీ గుండ్రంగా ముందుకి వంగాయి. లోపల, గుమ్మడికాయ పీచు కింద, వెలుగు పడగానే అటూ ఇటూ సర్దుకుంటున్న బూడిదరంగు సంసారం. రాధారాణి లేవలేకపోతే సంహిత ఒకదాన్ని తీసుకెళ్ళి ఆవిడ అరచేతిలో పెట్టింది. అది ఉండ చుట్టుకుంది.

"మిరియంలా ఉందే," అంది రాధారాణి. "ఇది ఎప్పుడు విప్పుతుంది?"

"ఆంటీ మాట్లాడకుండా ఉంటే," అంది సంహిత.

పెద్దక్క మాట్లాడకుండా కూర్చుంది. ఇంద్రజ గోడకి ఆనుకుని ఆ వింత చూసింది.

అందరూ వెళ్ళాక జోసీ కంచె సందు దగ్గర ఆగి, వెనక్కి తిరిగి, రేపు స్కూల్ అవగానే బంగాళాదుంప తొక్కు తెస్తానని, తను వచ్చేదాకా మూత తియ్యొద్దని గట్టిగా చెప్పి దూరింది. సంహిత కూడా ఈ పక్క నుంచి అంతే గట్టిగా ఏదో చెప్పింది. వాళ్ళు చాలాసేపు అలా కంచెకి అటూ ఇటూ అరుచుకున్నారు. ఇంద్రజ గిన్నెలు తోముతూ కుళాయి కట్టేసి విన్నది.

సాయంత్రం భోజనాల దగ్గర, పొద్దున ఇంట్లో లేని రవికాంత్ కంచె వార దిబ్బ గురించే మాట్లాడాడు. మందు కొట్టేవాణ్ణి రేపే రమ్మంటానన్నాడు, ఆ దిబ్బ ఒక్కదానికే మందు కొట్టించేలా ఒప్పించేసరికి ఇంద్రజకి తల ప్రాణం తోకకొచ్చింది. చివరికి అడిగాడు. "అయితే అంతమందిలో అవి ఫైర్ ఆంట్స్ అని ఎవరికీ తెలీలేదా?"

ఇంద్రజ మజ్జిగలో ఉప్పు వేసి కలిపింది. ఉప్పు కరిగాక కూడా కలిపింది.

"నాకు, జోసీకి తెలుసు," అంది సంహిత.

"మరి చెప్పలేదేంట్రా?"

సంహిత తల్లి వైపు చూసింది. తొందరేమీ లేని చూపు. రోజూ భూతద్దం పట్టుకుని బెరడు కింద చూసేటప్పుడు కూడా అలాగే చూస్తుంది.

"చెప్పేలోపలే ఆంటీ పాలు పోసేసింది నాన్నా," అంది.

రవికాంత్ తలూపి అన్నం కలుపుకున్నాడు. ఇంద్రజ డబ్బా తెరిచి, కూతురి పళ్ళెంలో ఒక అప్పడం ఎక్కువ వేసింది.

సంహిత ఆ అప్పడం వైపు చూసింది. పళ్ళెం కొంచెం ముందుకి జరిపింది.

"ఇంకోటి," అంది.

ఇంద్రజ వేసింది.